అదే వస్తువుపై పాత దరఖాస్తు ఉన్నందున

ఈ భూమ్మీద ఎవరూ ఎదురు చెప్పలేని అధికారాలు రెండున్నాయి. ఒకటి సముద్రపు ఆటుపోట్లది. రెండోది ట్రెలోర్ కుటుంబ పిల్లల క్రిస్మస్ కానుకల సమన్వయ కార్యాలయానిది. మొదటిది కనీసం రోజుకి రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది.

సదరు కార్యాలయం మా అమ్మాయి లియాన్ వంటగదిలో, ఫ్రిజ్ తలుపు మొదలుకొని గిన్నెలు తోమే తొట్టి దాకా విస్తరించి ఉంది. అధ్యక్షురాలు, కార్యదర్శి, తనిఖీ అధికారి, బంట్రోతు అన్నీ లియానే. (అప్పీళ్లు వినే పై అధికారి కూడా ఆవిడే. అప్పుడు మాత్రం కళ్లజోడు పెట్టుకుంటుంది.) పగటిపూట కౌన్సిల్లో కుక్కల నమోదు విభాగం చూస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క కుక్క కూడా ఆవిడ మీద ఫిర్యాదు చెయ్యలేదు. ఆ అనుభవాన్నే ఇంటికొచ్చాక మా మీద వినియోగిస్తుంది.

ఈ కార్యాలయం ఎందుకు పుట్టిందో అధికారిక చరిత్రలో ఉంది. తొమ్మిదేళ్ల కిందట లియాన్ కొడుకు డార్సీకి ముగ్గురు బంధువులు, ఒకరికి తెలియకుండా ఒకరు, మూడు డ్రమ్ములు కొనిచ్చారు. వాడికి చేతులు రెండే కాబట్టి మూడోదాన్ని కాళ్లతో వాయించాడు. ఆ సెలవుల్లో మా పోర్ట్ పెండీన్‌లో ఒక్క పెలికాన్ పక్షి గుడ్డు పెట్టలేదు. జెట్టీ చివరి దీపస్తంభం రెండంగుళాలు ఒరిగింది. (నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు, ఇప్పటికీ ఒరిగే ఉంది. గాలికి ఒరిగిందని కొందరంటారు. వాళ్లు డ్రమ్ములు వినలేదు.) ఇలాంటి క్రిస్మస్ ఇంకొకటి జరగడానికి వీల్లేదని లియాన్ ఆ సాయంత్రమే ప్రకటించింది. మొన్నటి క్రిస్మస్ దాకా నేనూ ఈ చరిత్రనే నమ్మాను.

నియమాలు చాలా సరళం. అయిదుగురు మనవలకీ కానుకలు సంఖ్యలో సమానంగా ఉండాలి. పరిమాణంలో సమానంగా ఉండాలి. (ఉతికిన బట్టల బుట్టతో కొలుస్తారు.) విప్పడానికి పట్టే సమయంలో ఏ ఇద్దరి మధ్యా నలభై సెకన్లకి మించి తేడా రాకూడదు. ఒక ఏడాది ఒకడు ముందే విప్పేసుకుని, పక్కవాడు ఇంకా విప్పుతున్నాడని ఏడ్చాడు. అప్పటినుంచి ఏ పొట్లానికి ఎంత టేపు అతికించాలో కూడా కార్యాలయమే కేటాయిస్తోంది.

ఇక కొనుగోలు. కానుకలు జూన్‌లో కొంటాం. భూగోళంలో మా దక్షిణపు సగానికి జూన్ అంటే నడి చలికాలం, క్రిస్మస్ అంటే మండువేసవి. ఆ చలిలోనే కొట్లలో బొమ్మల అమ్మకం మొదలవుతుంది. జనం తెల్లారేసరికి దుప్పట్లు కప్పుకుని తలుపుల ముందు బారులు తీరతారు. ఎంచుకున్న బొమ్మని కొట్లోనే పేరు రాయించి పక్కన పెట్టిస్తారు, నెలనెలా కాస్త కాస్త కట్టి డిసెంబరులో ఇంటికి తెచ్చుకుంటారు. చాలా మంచి పద్ధతి. ఒక్కటే లోపం. ఆ ఆరు నెలలూ బొమ్మ కదలకుండా ఉంటుంది, పిల్లలు ఉండరు.

అందుకని జూన్ నెల మూడు రోజుల సెలవుల్లో కోరికల దినం జరుపుతారు. పిల్లలు ఒక్కొక్కరే వంటగదిలోకి వెళ్లి తమ కోరిక చెప్పి వేలిముద్ర వెయ్యాలి. ఆ కోరిక డిసెంబరు ఇరవై అయిదు దాకా చెల్లుతుంది. ఈలోగా ఎవరైనా ఎదిగితే అది వాళ్ల సొంత బాధ్యత. తర్వాత పెద్దవాళ్లందరం నా టోపీలోంచి చీటీలు తీస్తాం. చీటీలో పిల్లల్లో ఎవరి పేరుంటే వాళ్ల కానుక ఆ చీటీ తీసినవాళ్లే కొనాలి.

మా అబ్బాయి గ్రాంట్ కూతురు హ్యాటీకి ఇప్పుడు ఏడేళ్లు. జూన్‌లో అది ఒంటికొమ్ము గుర్రాల గులాబీరంగు కోట కోరుకుంది. దాని చీటీ లియాన్ మొగుడు కోలిన్‌కి వచ్చింది. కోలిన్ వెళ్లి, వరసలో నిలబడి, కోటని జయించి, పేరు రాయించి వచ్చాడు. అంతా సవ్యంగా ఉంది.

అక్టోబరు సెలవుల్లో నేను హ్యాటీని జెట్టీ మీదికి తీసుకెళ్లాను. తప్పంతా అక్కడ జరిగింది. నా గాలపు కర్ర దాని చేతికిచ్చి నేను ఫ్లాస్కులో టీ పోసుకునేలోగా ఒక స్క్విడ్ పడింది. ఎంతదంటే, దాన్ని పైకి లాగేసరికి జెట్టీ కింద నీళ్లు ఒక అంగుళం దిగిపోయాయి. (సముద్రపు జీవాల విషయంలో నేను అబద్ధాలాడను. కొలతలో పొరపాటు పడతానంతే.) పైకొచ్చిన స్క్విడ్ నా మొహం చూసి, నన్నే కారకుణ్ణిగా నిర్ణయించి, ఉన్న సిరా అంతా నా చొక్కా మీద ఖర్చుపెట్టింది. హ్యాటీ నవ్వి నవ్వి పలకల మీద కూర్చుండిపోయింది.

"తాతయ్యా, నాకు కోట వద్దు. గాలపు కర్ర కావాలి. బొమ్మది కాదు, నిజంది."

"నాకు చెప్పి ఏం లాభం? మీ అత్తకి చెప్పు."

"నువ్వే చెప్పు తాతయ్యా. నువ్వు అత్తకి నాన్నవి కదా!"

"ఆ ఉద్యోగంలో ఇప్పుడు అధికారాలేమీ లేవమ్మా."

అయినా తొమ్మిదో నమూనా కాగితం తెచ్చి, 'కోరిక మార్పు' కింద దరఖాస్తు నింపాను. హ్యాటీ కింద వేలిముద్ర వేసి, పక్కన స్క్విడ్ బొమ్మ కూడా వేసింది. మూడు వారాల తర్వాత ఫ్రిజ్ తలుపు మీద జవాబు వెలిసింది. తిరస్కరించడమైనది. కారణాలు: ఒకటి, గడువు సెప్టెంబరు ఒకటితో ముగిసింది. రెండు, సాక్షిగా సంతకం చేసిన తాతకి ఇందులో స్వప్రయోజనం ఉంది. మూడు, అదే వస్తువుపై పాత దరఖాస్తు ఒకటి పెండింగులో ఉన్నందున, అది తేలేవరకు కొత్తది పరిశీలించబడదు.

మొదటి రెండూ న్యాయమే. మూడోదే నాకు కొరుకుడు పడలేదు. ఈ ఇంట్లో హ్యాటీ కాక గాలపు కర్ర అడిగింది ఇంకెవరు?

విచారణ మొదలుపెట్టాను. డార్సీకి పద్నాలుగేళ్లు. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "గాలపు కర్రా? దానికి చార్జింగ్ ఎక్కడ పెడతారు?" అన్నాడు. వాడి తమ్ముళ్లిద్దరూ తమకేమీ తెలియదన్నారు, అడగని నేరాలు నాలుగు ఒప్పుకున్నారు. హ్యాటీ తమ్ముడు, రెండేళ్ల ఓటిస్ నా వేలు కొరికాడు. దాన్ని 'కాదు' కింద రాసుకున్నాను.

చివరికి మా ఆవిడ నోరీన్‌ని అడిగాను. బఠాణీలు ఒలుస్తోంది.

"ఆ పాత దరఖాస్తు ఎవరిది, నోరీన్?"

"నిజంగా నీకు గుర్తులేదా, క్లారీ?"

"ఏం గుర్తుండాలి?"

బఠాణీల గిన్నె నా ముందుకి జరిపింది. "ఏంలేదులే. ఖాళీగానే ఉన్నావు కదా, బఠాణీలు ఒలువు," అంది.

కోలిన్‌ని పట్టుకుంటే పనవుతుందనిపించింది. వాళ్ల షెడ్డు వెనక దొరికాడు. "నీ కోట నాకిచ్చెయ్. నేను కర్ర కొంటాను, నీ పేరుతో ఇద్దాం. క్రిస్మస్ రోజు మాంసం కాల్చే పటకారు కూడా నీకే వదిలేస్తా," అన్నాను. ఆ పటకారు ముప్ఫై ఏళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు నేను. కోలిన్ కళ్లల్లో ఒక్క క్షణం వెలుగొచ్చి ఆరిపోయింది.

"ఆ కోట కోసం ఒక ముసలమ్మ నా పక్కటెముకల్లో మోచెయ్యి దింపింది మావయ్యా. దానికేం గానీ... నువ్వు సాయంత్రమైతే మీ ఇంటికి పోతావు. నేను ఆవిడ ఇంట్లోనే ఉండాలి."

దాంతో అక్రమ రవాణా తప్ప మార్గం మిగల్లేదు. చిన్నపిల్లల చేతికి సరిపోయే గాలపు కర్ర, నీలం రంగుది, ఒకటి కొని, కాగితం చుట్టి, క్రిస్మస్ నాటి పొద్దున లియాన్ గుమ్మం ముందు దిగాను. ఎండ నలభై మూడు డిగ్రీలు. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించకుండానే తలలు వంచుకున్నాయి.

"ఇదేంటి నాన్నా?" అంది తనిఖీ అధికారి.

"గొడుగు."

"ఇంత ఎండలోనా?"

"ఎండకే."

"గొడుగుకి గిలక ఎందుకుంది?"

"కొత్త రకం."

కర్రకి కాగితం చుడితే కాగితం చుట్టిన కర్రలాగే ఉంటుందని నాకప్పుడు తెలిసింది. దానికి 'పెండింగు' అని చీటీ కట్టి బట్టలుతికే గదిలో పెట్టించింది.

పది గంటలకి పంపిణీ. లియాన్ బడి ఈత పోటీల్లో వాడే గడియారం మెళ్లో వేసుకుని ఈల ఊదింది. అయిదు పొట్లాలూ ఒకేసారి చిరిగాయి. హ్యాటీ నాలుగు నిమిషాల పది సెకన్లలో ముగించింది, పరిమితికి లోబడే. కోట బయటపడింది. పిల్ల దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి లోపలికి చూసింది.

"అత్తా, ఇందులో నీళ్లుంటాయా?"

"ఉండవు."

"మరి ఆ గుర్రాలు గాలానికి పడతాయా?"

"పడవు హ్యాటీ. ఇది నువ్వు అడిగిందే కదమ్మా?"

"అప్పుడు నాకు ఆరేళ్లు అత్తా," అంది హ్యాటీ. అని, నియమం ప్రకారం థాంక్యూ చెప్పి, కోటని ఓటిస్ ముందుకి తోసి, వెళ్లి కుక్క పక్కన పడుకుంది. ఏడవలేదు. ఏడుస్తే ఫిర్యాదుల పుస్తకం ఉంది. ఏడవని పిల్లలకి ఏ పుస్తకమూ లేదు.

భోజనాలకి కూర్చున్నాం. క్రిస్మస్ ఆచారం ప్రకారం అందరి తలల మీదా కాగితపు కిరీటాలు, అందరి ముందూ చల్లటి రొయ్యలు. గ్రాంట్ కూతుర్ని ఊరడించబోయాడు.

"దిగులెందుకే? నాకు తొమ్మిదేళ్లప్పుడు మీ తాతయ్య గాలపు కర్ర కొనిచ్చాడు. ఇప్పటికీ షెడ్డులో ఉంది. నేను అడగను కూడా లేదు, తెలుసా? అడక్కుండానే ఇచ్చాడు!"

లియాన్ చేతిలో రొయ్య కింద పెట్టింది. తువ్వాలుకి చేతులు తుడుచుకుని, లేచి బట్టలుతికే గదిలోకి వెళ్లింది. నోరీన్ బల్ల కింద నా కాలు తన్నింది. నేనూ వెళ్లాను.

"లియాన్, ఒక్క పిల్ల, ఒక్క కర్ర. ఆ పాత దరఖాస్తు ఎవరిదో చెప్పు. వాళ్ల కాళ్లు పట్టుకునైనా వెనక్కి తీయిస్తాను."

లియాన్ కళ్లజోడు పెట్టుకుంది. (అంటే అప్పీలు మొదలైంది.) సబ్బుపొడి డబ్బాల వెనకనుంచి ఒక అట్ట దస్త్రం తీసింది. పైన ఒకటో నంబరు వేసి ఉంది. లోపల ఒకే ఒక్క కాగితం, పెన్సిలుతో, వంకర అక్షరాలతో.

'క్రిస్మస్ తాతకి. నాకు గాలపు కర్ర కావాలి. బొమ్మది కాదు, నిజంది. గ్రాంట్‌కి కూడా ఒకటి ఇవ్వు, లేకపోతే వాడు నాది లాక్కుంటాడు. ఇట్లు లియాన్ ట్రెలోర్, ఏడేళ్లు.'

తేదీ 1988. కాగితం తిప్పి చూశాను. వెనక చేతిరాత నాదే. ఆ రోజుల్లో బజారు పట్టీ ఏ కాగితం దొరికితే దాని మీద రాసుకునేవాణ్ణి. 'గ్రాంట్: గాలపు కర్ర. లియాన్: చిన్న ఇస్త్రీ బల్ల (వాళ్లమ్మకి సాయంగా ఉంటుంది). కొవ్వొత్తులు. ఎర.'

బయట ఓటిస్ కోట గోడలు కూలుస్తున్న చప్పుడు.

"ముప్ఫై ఏడేళ్లుగా పెండింగులో ఉంది," అంది పై అధికారి. గొంతులో ఏ తేడా లేదు. "నిర్ణయాధికారి సంజాయిషీ రాస్తే దస్త్రం మూసెయ్యొచ్చు. అది మూస్తే హ్యాటీది పరిశీలనకొస్తుంది."

ఒక నమూనా కాగితం నా ముందు పెట్టింది. సంజాయిషీకి మూడు గీతలు గీసి ఉన్నాయి. డెబ్భై తొమ్మిదేళ్లుగా రోజుకొక కథ అల్లుతున్నవాణ్ణి. ఆ మూడు గీతలకి సరిపడా కథ ఒక్కటీ రాలేదు. 'కాగితం రెండో వైపు చూడలేదు' అని రాయడం మొదలుపెట్టాను. చూశానని గుర్తొచ్చింది. కొట్టేసి, 'తప్పు నాది' అని రాశాను.

"సంతకం," అంది. పెట్టాను.

"తేదీ." వేశాను.

ముద్ర కొట్టింది. కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచింది. అద్దాల మీద మరకేదీ నాకు కనిపించలేదు. తర్వాత నీలం కర్రకి కట్టిన చీటీ తెంపి, "హ్యాటీ!" అని కేకేసింది.

సమానత్వ నియమం కింద ఇంకో ఉత్తర్వు కూడా వెంటనే వెలువడింది. గ్రాంట్ షెడ్డులోని పాత గాలపు కర్ర అసలు దరఖాస్తుదారుకి బదిలీ.

"అదేంటి, అది నాది!" అన్నాడు గ్రాంట్ నోట్లో రొయ్యతో.

"ముప్ఫై ఏడేళ్లు వాడుకున్నావు అన్నయ్యా. విచారణ పెట్టమంటావా?"

"వద్దులే," అన్నాడు గ్రాంట్. షెడ్డు తాళం చెవి ఇచ్చేశాడు.

సాయంత్రం ఎండ తగ్గాక జెట్టీ మీదికి వెళ్లాం. హ్యాటీ చేతిలో నీలం కర్ర, దాని పక్కన లియాన్ చేతిలో పాత కర్ర. అత్తాకోడళ్లు ఇద్దరూ నీళ్లవైపు ఒకేలా ముందుకి వంగి నిలబడ్డారు. గంటలో నాలుగు స్క్విడ్లు పడ్డాయి. (ఈసారి కొలతలు చెప్పను.) నా కర్ర ఇంటి దగ్గరే ఉండిపోయింది. కార్లో చోటు లేదన్నారు.

చోటు ఎందుకు లేదో తర్వాత తెలిసింది. లియాన్ వెళ్లి డిక్కీ తెరిచి, నా మోకాలి ఎత్తుండే చిన్న ఇస్త్రీ బల్ల ఒకటి తీసుకొచ్చింది. రంగు వెలిసింది గానీ కాళ్లు గట్టిగానే ఉన్నాయి. కాలికి 'సాక్ష్యం, ఒకటో నంబరు' అని చీటీ వేలాడుతోంది. దాన్ని నా ముందు విప్పి నిలబెట్టి, మీద స్క్విడ్ల బకెట్టూ కత్తీ పెట్టింది.

"కోసి కడిగి పెట్టు నాన్నా," అంది. "మాకు సాయంగా ఉంటుంది."