మా వంశపు దవడపళ్ళు

భార్యతో వాదించి గెలిచిన మగాడు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే మీ మీద నాకు జాలి. నేనైతే ఆ ఆదివారం చిత్తుగా ఓడిపోయాను. అందుకే ఇవాళ నా కూతురు హాయిగా నవ్వుతోంది. ఆ ఓటమి ఇచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

నా పేరు తెయోఫిలో. చక్కెర మిల్లుకు చెరకు లారీ తోలుతాను. మా ఊళ్ళో గాలి పీల్చినా నాలుక తియ్యగా అవుతుంది. చెరకు గడని కత్తితో చెక్కుకుని తినేవాణ్ణి ఇక్కడ మనిషి కింద జమ కట్టరు. పంటితో చీల్చాలి. ఆ విద్యలో మా అమ్మ దోన్యా హెర్మెలిందాకే అగ్రతాంబూలం. డెబ్బై దాటినా ఒక్క పన్ను ఊడలేదు. ఏటా క్రిస్మస్ రోజుల్లో ఆవిడ పళ్ళ మధ్య తొక్క కరుచుకుని, చేత్తో గడ ఊపుకుంటూ వంటింట్లోంచి వస్తుంటే వీధంతా చప్పట్లు కొట్టేది.

గొడవంతా మా అమ్మాయి మారిక్రూస్‌కు ఆరేళ్ళు నిండి, వెనకాల కొత్త దవడపళ్ళు రావడంతో మొదలైంది. బడికి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ యాదిరా వాటిని చూసి పెదవి విరిచింది. పళ్ళ మీద గాడులు మరీ లోతట. బ్రష్షు వెంట్రుక కూడా దిగదట. అందులో తీపి చేరితే పుచ్చిపోతాయట. ఇప్పుడే పైన పలచటి పూత వేసి ఆ గాడులు మూసేస్తే మంచిదంది. సూది లేదు, మిషను లేదు, నొప్పి లేదు. సోమవారం ఆరోగ్య కేంద్రానికి తీసుకురమ్మంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మా ఊరు ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలీదు.

రోసౌరా, అంటే మా ఆవిడ, వెంటనే సరేనంది. అందుకని నేను వెంటనే వద్దన్నాను. మా కాపురంలో అదో పద్ధతి.

"ఎందుకు వద్దు?" అంది.

"పంటికి మూతేమిటే? అదేమన్నా మిరపకాయల సీసానా?"

"సీసాకి మాత్రం నువ్వు మూత పెట్టావా ఏనాడైనా? ఈగలు తీసేది నేనేగా."

"మా వంశంలో పళ్ళు పుచ్చవు."

"మా వంశంలో పుచ్చుతాయి. పిల్లకి నా పోలికొస్తే?"

"ముక్కు మీది. పళ్ళు మావి."

"ఎవరు పంచిపెట్టారు?"

"చూస్తే తెలీట్లా?"

"పళ్ళు ఎవరివైనా పర్లేదు గానీ, బుర్ర నీది రాకుండా ఉంటే చాలు."

వాళ్ళ వంశం సంగతి ఊరందరికీ తెలుసు. మా బావమరిది బల్తసార్ నోట్లో సగం పళ్ళు బంగారంవి. జనం వాణ్ణి 'నగలకొట్టు' అంటారు. వాడు ఆవులిస్తే బజార్లో ఆడవాళ్ళు ఆగి చూస్తారు. నేనదే ఎత్తి చూపించాను. రోసౌరా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"చిన్నప్పుడు పన్ను నొప్పికి గోడకేసి తల కొట్టుకున్నాను, తెయో. ఇప్పటికీ ఒక పక్కనే నములుతాను, చూళ్ళేదా నువ్వు? నా పిల్ల అలా ఏడవకూడదు. అంతే."

మనసు చివుక్కుమంది. కానీ వంశం అడ్డొచ్చింది. అప్పుడే నాకో బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది.

"సరే, ఆదివారం అమ్మని పిలుద్దాం. ఆవిడేమంటే అదే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను," అంది రోసౌరా. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం అమ్మ బస్సు దిగీ దిగకముందే పెరట్లోకి లాక్కెళ్ళి చెవిలో ఊదాను. "భోజనాలు కాగానే అందరి ముందూ ఓ గడ చీల్చు. 'మనకి పూతలేంట్రా' అను. మిగతాది నేను చూసుకుంటా."

"ఇవాళ వద్దురా. దవడ లాగుతోంది."

"నీ దవడ లారీనే లాగుతుందమ్మా, ఊరుకో!"

బీన్సూ అన్నం, ఆకుపచ్చ సాసులో ఉడికిన కోడీ, టోర్టియా రొట్టెలూ అందరం కడుపారా తిన్నాం. పిల్లకి బాప్తిస్మమప్పటి జ్ఞానతండ్రి కాబట్టి నగలకొట్టు కూడా వచ్చాడు. నేను లేచి, మా తోటలో అన్నిటికన్నా లావుపాటి గడని అమ్మ ముందు పెట్టాను.

"ముందు కాఫీ," అంది అమ్మ. కాఫీ అయింది. "ఎండ తగ్గనీ," అంది. ఎండ తగ్గింది. గడని తిప్పి తిప్పి చూసి, "ఇది లేతదిరా, నా పంటికి ఆనదు," అంది.

బల్తసార్ తళతళా మెరుస్తూ నవ్వాడు. "పెద్దావిణ్ణి ఎందుకు బావా ఇబ్బంది పెడతావ్? వంశం నీదీ కదా, నువ్వు చీల్చు."

ఇంత మాటన్నాక ఊరుకుంటానా? గడ అందుకుని కసుక్కున కొరికి లాగాను. తొక్క ఊడింది. దాంతోపాటు ఓ పేడు నా కింది పెదవిలో దిగింది. చొక్కా ఎర్రబడింది. నన్ను పట్టుకుందామని లేచిన నగలకొట్టు కుర్చీ తన్నాడు, కుర్చీ బల్లను తన్నింది, సాసు గిన్నె వాడి ప్యాంటు మీద పడింది, కుక్క మిగిలిన కోడిని నోట కరుచుకుని గేటు దాటింది. నేను పెదవి పట్టుకుని అరుస్తున్నాను, వాడు ప్యాంటు పట్టుకుని అరుస్తున్నాడు.

ఆ గందరగోళంలో మా మారిక్రూస్‌ని ఎవరూ చూడలేదు. కింద పడ్డ గడముక్క తీసుకుని, "నేనూ నాన్న వంశమే!" అని ఆ కొత్త దవడపళ్ళ మధ్య పెట్టి కొరకడం మొదలెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా వదలదు.

"ఒదులు! ఆ గడ ఒదులు తల్లీ!"

అమ్మ అరవడం నా జన్మలో వినలేదు. పిల్ల గడ వదిలేసింది. నేను నా పెదవి వదిలేశాను. అప్పుడు అమ్మ నోట్లో చెయ్యి పెట్టి, పై వరసా కింది వరసా రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

బల్తసార్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. మారిక్రూస్ మాత్రం సంబరంగా, "నానమ్మా, మళ్ళీ చెయ్యవా?" అంది.

"ఇవిగోరా నీ వంఫపు పల్లు," అంది అమ్మ నా వంక చూస్తూ. అసలు సంగతి చెప్పడానికి మళ్ళీ పెట్టుకుంది.

"నీకు ఊహ తెలియకముందే నా పళ్ళన్నీ పోయాయిరా. గ్వాదలూపె అమ్మవారి యాత్రకి వెళ్ళానన్నానే, వెళ్ళింది ఈ సెట్టు కట్టించుకోడానికి."

"అమ్మవారి దయ వల్ల నీ నవ్వులో వెలుగొచ్చిందని ఊరంతా చెప్పుకునేది కదమ్మా!"

"ఏం, సెట్టు కట్టినవాడు మాత్రం అమ్మవారి బిడ్డ కాదా?"

"మరి చెరకు?"

"వంటింట్లో కత్తితో చెక్కి, తొక్క నోట్లో పెట్టుకుని వచ్చేదాన్ని. చప్పట్లు మీరు కొట్టేవాళ్ళు."

"అసలు పళ్ళెలా పోయాయమ్మా?"

అమ్మ కాసేపు బల్లగుడ్డ సరిచేసింది. "చెరకు నరకడానికి వెళ్ళేటప్పుడు కట్టుకున్న టోర్టియాలు పిల్లలు మీకే చాలేవి. నాకు గడ ఉంది కదా. పొద్దుగూకే దాకా అదే నమిలేదాన్ని. ఆకలి తీరేది, పళ్ళు పుచ్చేవి. నీ పళ్ళు గట్టివంటే అది వంశం కాదురా. నువ్వు టోర్టియాలు తిన్నావు. ఈ పిల్లకైనా చెప్పేవాళ్ళున్నారు, పూత వేసే డాక్టరుంది. వేయించు."

"ఇన్నాళ్ళూ దాచింది అందరి ముందూ బయటపెట్టావేమ్మా..."

"చప్పట్లు నేనేం చేసుకుంటాన్రా? పిల్లకి పళ్ళుండాలి గానీ."

అమ్మ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాను. ఇంత మనసున్న తల్లి కడుపున పుట్టినందుకు, ఆ పూట ఆవిడ నన్ను అంత బాగా ఓడించినందుకు, ఏడ్చేశాను. పెదవి నొప్పికి ఏడుస్తున్నాననుకుని బల్తసార్ మంచుముక్క తెచ్చాడు.

అప్పుడు చూశాను, రోసౌరా మొహంలో ఆశ్చర్యమన్నదే లేదు.

"నీకు తెలుసా?"

"పెళ్ళయిన వారానికే తెలుసు. పొద్దున్నే మంచినీళ్ళనుకుని అత్తయ్య మంచం పక్కన గ్లాసెత్తాను."

"మరి నాతో అంత సేపు వాదించావే! ఒక్క ముక్క చెప్తే అయిపోయేదిగా?"

"అది అత్తయ్య గుట్టు. నిన్ను ఓడించడానికి నాకు ఆవిడ పళ్ళు కావాలా?"

ఇన్నేళ్ళ కాపురంలో నేను గెలిచాననుకున్న వాదనలన్నీ గుర్తొచ్చి తల దించుకున్నాను.

సోమవారం నలుగురం వెళ్ళాం. యాదిరా పిల్ల పళ్ళు కడిగి, ఆరబెట్టి, చిన్న కుంచెతో పూత రాసి, నీలం దీపం చూపించింది. "అయిపోయిందా?" అంది మారిక్రూస్, తనకేదో అన్యాయం జరిగినట్టు.

డాక్టరమ్మ చూపు నా వాచిన పెదవి మీద పడింది. "మీకేమైంది?"

"వంశం గుచ్చుకుంది," అంది రోసౌరా.

"ఎలాగూ వచ్చారుగా, కూర్చోండి చూస్తాను."

తప్పించుకుందామంటే తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. కూర్చున్నాను. యాదిరా నా నోట్లో అద్దం పెట్టి, పొడిచి పొడిచి చూసింది. రెండు వైపులా పుచ్చిందట. చెరకు పిప్పి ఊరంతా ఉమ్మాను గానీ, పిప్పిపళ్ళు మాత్రం నోట్లోనే దాచుకున్నాను.

"నేను నోరు కట్టుకుని కాపాడిన పళ్ళురా అవి!" అని అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టింది. "లారీలో కూర్చుని చెరకు నమిలి తగలేశావా?"

మిషను బుర్రుమంది. సూదీ ఉంది, మిషనూ ఉంది, నొప్పీ ఉంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఒక చెయ్యి అమ్మ పట్టుకుంది, ఇంకో చెయ్యి రోసౌరా పట్టుకుంది. మారిక్రూస్ కుర్చీ ఎక్కి నా నోట్లోకి తొంగి చూసి, "భయపడకు నాన్నా, నీకు నా పోలికొచ్చుంటే నొప్పెయ్యదు," అంది.