నాయకులందరికీ కారికేచర్ తప్పనిసరి చేయాలి!

నా మాట వినండి. కెనడాలో మన తెలుగువాళ్లు బాగుపడాలంటే కొత్త సంఘాలు అక్కర్లేదు, కొత్త కమిటీలు అక్కర్లేదు. ప్రతి నాయకుడినీ ఏడాదికోసారి కూర్చోబెట్టి కారికేచర్, అదే, ముక్కూ మూతీ సాగదీసి గీసే నవ్వుల బొమ్మ, వేయించాలి. అదీ కంపల్సరీగా!

నవ్వకండి. మా సంఘానికి మాజీ అధ్యక్షుడిగా, ప్రస్తుత సలహాదారుగా, వచ్చే ఎన్నికల్లో మళ్లీ అభ్యర్థిగా సీరియస్‌గానే చెబుతున్నాను.

మొన్న టొరంటో పక్కన మార్కమ్‌లో 'స్ఫూర్తిదాతల సన్మానం' జరిపాం. ఈమధ్య ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాల కొద్దీ దిగుతున్నారు. వాళ్లందరికీ స్ఫూర్తినివ్వాలంటే నాయకులు కూడా అదే స్పీడులో పెరగాలి కదా? పెరిగాం. హాల్లో ఎవరి భుజం తట్టినా కనీసం ఉపాధ్యక్షుడే!

శాలువాలు పాతబడ్డాయని ఈసారి తలా ఒక కారికేచర్ ఇవ్వాలని తీర్మానించాం. ఆ పని యానిమేషన్ చదువుతున్న ధరణికి అప్పగించాం. ఆ అమ్మాయి, మరో ముగ్గురమ్మాయిలు ఉంటున్న బేస్‌మెంట్‌ని నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారట. వేరే గది కోసం మా అందరికీ ఫోన్లు చేస్తూనే ఉంది. మేమూ ఎత్తుతూనే ఉన్నాం. ఎత్తి, మేం వచ్చిన కొత్తలో మంచులో ఎంతెంత దూరం నడిచామో చెప్పి, స్ఫూర్తినిచ్చి పెట్టేస్తున్నాం. అంతకంటే నాయకులు ఏం చేస్తారండీ?

ముందు గుడి కమిటీ చైర్మన్ విశ్వనాథంగారు కూర్చున్నారు.

"అంకుల్, బొమ్మ అయ్యేదాకా నోరు కదపకండి. పోలిక పోతుంది," అంది ధరణి.

పోలిక పోతే ఇంకేమన్నా ఉందా? ఆయన పెదవులు బిగించేశారు. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడటం మాకదే మొదలు. ధరణి గీస్తూ గీస్తూ తన గోడంతా వెళ్లబోసుకుంది. వాషింగ్ మెషీన్ పక్కన పరుపు, వంతులవారీ నిద్ర, స్టూడెంట్లనగానే ఫోన్ పెట్టేసే ఇంటి ఓనర్లు. మధ్యలో స్ఫూర్తినిద్దామంటే వీల్లేదు! ఆయన లేచి బొమ్మ వైపైనా చూడలేదు. తమ ఇంట్లో పైన రెండు గదులు ఊరికే ఉన్నాయని, ఇద్దరు వచ్చేయమని చెప్పారు.

తర్వాత చర్చి పెద్ద సూర్యకుమారిగారు. కూర్చునేటప్పుడు తన ముక్కు గురించి బెంగపడ్డారు. లేచేటప్పుడు మిగతా ఇద్దరినీ తమ ఇంటికి రమ్మన్నారు.

నా వంతు వచ్చేసరికి ధరణి సొంత కష్టాలు తీరిపోయి, కారు గరాజ్‌లో పడుకుంటున్న తన క్లాస్‌మేట్ల సంగతి మొదలైంది. బొమ్మ అయ్యాక నోరు తెరవగానే ఉపన్యాసం వస్తుందనుకున్నాను. మా బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ ఒక్కటే ఉంటోందన్న నిజం వచ్చింది. మా ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది.

ఆ సాయంత్రం ఎవరమూ మైకు జోలికి పోలేదు. సంఘం చరిత్రలో తొలిసారి బిర్యానీ వేడిగా తిన్నాం. ఇన్ని లాభాలున్న కళను చట్టం చేయకుండా వదులుకుంటామా?

భోజనాలయ్యాక పిల్లలు ధరణి చుట్టూ మూగారు. విశ్వనాథంగారి మనవరాలు విద్య కుర్చీలో ఊగుతూ, చిప్స్ నములుతూ, ఇంగ్లీషులో గడగడా ఏదో చెబుతూనే ఉంది. ధరణి నవ్వుతూ, ఊకొడుతూ, చిటికెలో బొమ్మ గీసి చేతికిచ్చింది. అచ్చం ఆ పిల్లే!

నోరు కదపొద్దని దానికి ఒక్కసారి కూడా చెప్పలేదు.