చిక్కదనం తగ్గిన నోటీసు

డొరీన్ ఆ ఉదయం ఒక్క పనే పెట్టుకుంది: చెష్‌వుడ్ ఊరి హాలు వంటగదిలో నోటీసు అంటించడం. వారం వారం పెద్దవాళ్ళకు అక్కడ భోజనం వండేది ఆమే. హాలు వాడుకున్నవాళ్ళు వదిలేసిన గిన్నెలన్నీ తోమితే తప్ప ఆమె పొయ్యి వెలిగేది కాదు. నడుము ఇక నావల్ల కాదంటోంది. అందుకే రాసింది: "మీ గిన్నెలు మీరే కడిగి వెళ్ళండి."

నోటీసంటే హాలు కమిటీ చూడాలి కదా. చూసింది.

"బాగుంది. కాస్త డైల్యూట్ చేద్దాం," అన్నాడు అధ్యక్షుడు నైజెల్. ఇంగ్లిష్ మాస్టారుగా రిటైరైన మనిషి.

"అంటే నీళ్ళు కలపడమేగా?"

"చిక్కదనం తగ్గించడం, డొరీన్. సరుకెక్కడికీ పోదు."

ముందు 'దయచేసి' చేరింది. 'మీ' అంటే వేలెత్తి చూపినట్టుందని పాస్టరుగారు దాన్ని తీయించారు. "కడగమనడం మరీ మొహమ్మీద కొట్టినట్టుంది. ఓపిక లేని రోజులు అందరికీ ఉంటాయి," అంది కమిటీలోని బెరిల్. ఆఖరికి గోడకెక్కింది ఇది: "గిన్నెలు కడగడానికి వీలుపడకపోతే దయచేసి ఏమీ అనుకోకండి. వీలుపడితే సంతోషం."

జనం ఏమీ అనుకోలేదు. తోటల సంఘం వాళ్ళు సూప్ గిన్నెలు వదిలారు. చర్చి పాటల బృందం కేకు పళ్ళేలు వదిలింది. బెరిల్ అయితే ఇంట్లో మాడిన పెనం తెచ్చి మరీ సింకులో నానబెట్టింది.

"అంత మంచి నోటీసు పెట్టారు కదా, ఇంకా మొహమాటం ఎందుకని," అంది.

ఆ పెనం గీకుతూ డొరీన్ నిశ్చయించుకుంది. వార్షిక సమావేశంలో లేచి, చుక్క నీళ్ళు కలపకుండా, మానేస్తున్నానని చెప్పేయాలి.

లేచింది. అందరూ టీ కప్పులు పట్టుకుని ఆప్యాయంగా చూశారు.

"మీకు ఇబ్బంది లేకపోతేనే... వంటగదికి నాకన్నా తగినవాళ్ళు ఉంటారేమోనని... నేను ఇంకేదైనా... అంటే, తొందరేమీ లేదనుకోండి."



"పదవి కావాలని ఇన్నాళ్ళూ నోరు విప్పి అడగలేదేం, పిచ్చి తల్లీ," అన్నాడు నైజెల్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "నాకూ ఓపిక అయిపోయింది. ఇక ఈ కుర్చీ నీదే. వంటగదికి తొందర లేదన్నావుగా, మనిషి దొరికేదాకా అదీ చూద్దువుగాని."

చప్పట్లు మోగాయి. వెళ్తూ వెళ్తూ అందరూ కొత్త అధ్యక్షురాలి మీద గౌరవంతో కప్పులు నేరుగా ఆమె చేతికే ఇచ్చారు.