రాళ్ల కట్టకు ప్రథమ ఫలకం

ఒక నగరం గొప్పదనం అక్కడ ఏం జరిగిందన్నదాన్నిబట్టి కాదు, ఏది మొదట జరిగిందన్నదాన్నిబట్టి తేలుతుంది. అందుకే మా పోర్ట్ హాల్డన్‌లో, ఆస్ట్రేలియాకే ఆదర్శంగా, ప్రథమాల శాఖ నడుస్తోంది. తొలి ఓడ, తొలి సారాకొట్టు, తొలి చర్చి (ఈ వరసలోనే) అన్నింటికీ ఇత్తడి ఫలకాలున్నాయి. తొలి గొర్రెకైతే రెండు. అది ఏ ఒడ్డున దిగిందో రెండు కుటుంబాలు ఇంకా తేల్చుకోలేదు.

ఫలకం పడిన చోటును ఎవరూ కూల్చకూడదని నిబంధన. ఇక్కడి ఆదివాసి ఐవీ పెద్దమ్మ శాఖకు వచ్చింది అందుకే. నది మలుపులో ఆమె పూర్వీకులు చేపలు చిక్కేలా పేర్చిన రాళ్ల కట్టను పీకేసి, అక్కడ పడవల రేవు కట్టబోతున్నారు.

శాఖాధికారి ప్రౌట్ గారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ ఇప్పించి అడిగారు.

"మీవాళ్లు ఏ ఓడలో వచ్చారు పెద్దమ్మా?"

"ఓడేంటి నాయనా? మేం ఇక్కడే ఉన్నాం."

"అదే చిక్కు. వచ్చిన తేదీయే లేనివాళ్లని మొదటివాళ్లని ఎలా రాయను?"

"మీ తాతలు దిగుతుంటే ఒడ్డున నిలబడి చూసిందెవరనుకున్నావ్?"

"ప్రేక్షకులు," అన్నారాయన, ఎంతో గౌరవంగా. (ప్రేక్షకులకు ఫలకం లేదు.)

"వాళ్లు ఆకలితో పడుంటే ఆ కట్టలోంచి చేపలు తెచ్చి పెట్టిందెవరో?"

"ఓ, తొలి విందు! అది మా దగ్గర ఉంది. ఫలకం తిన్నవాళ్ల పేరు మీద ఉంది."

అయినా శాఖ చేతులెత్తేయలేదు. పాత కోర్టు కాగితాలు తిరగేయించింది. చివరకు ప్రౌట్ గారే వెలిగిపోతున్న మొహంతో పెద్దమ్మ ఇంటికి వచ్చారు.

"దొరికింది! మీ ముత్తవ్వకు ఆ కట్ట దగ్గర అనుమతి లేకుండా దిగి చేపలు పట్టినందుకు శిక్ష పడింది. ఈ నగరంలో తొలి అక్రమ ప్రవేశం ఆవిడదే!"

పెద్దమ్మ కూతురు డాట్ భగ్గుమంది. "అమ్మా, మనవాళ్ల కట్ట దగ్గర మన అవ్వనే దొంగని చెక్కిస్తావా?"

"నువ్వుండవే. ఏమయ్యా, రాళ్లుంటాయా?"

"ఇక మేయరు దిగొచ్చినా కదపలేడు."

"అయితే చెక్కు. అవ్వ నవ్వుకుంటుందిలే."

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. రేవు పక్కకు జరిగింది. బ్యాండు ఆగాక పెద్దమ్మ చెప్పులు విప్పి నీళ్లలోకి దిగి, వరదకు జారిన ఒక రాయిని దాని చోట పెట్టబోయింది. కావలివాడు ఈల వేశాడు. రక్షిత స్థలంలో ఎవరూ కాలు పెట్టకూడదు.

ప్రౌట్ గారు నొచ్చుకుంటూనే నిబంధన వివరించారు. ఫలకం మొదటి అక్రమ ప్రవేశానికి మాత్రమే. ఆ తర్వాతి వాటికి మామూలు జరిమానాయే.