కాకి వారి డెమో

ఆ పొద్దున గంగాధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టుకి పోవాలి, జపాను క్లయింట్లు ముగ్గురిని జురాంగ్ ఈస్ట్ ఆఫీసుకి తేవాలి, ఆ దేశంలో ఉద్యోగం చేయనిచ్చే తన పాసు నిలబెట్టుకోవాలి. డాట్‌కామ్ జోరులో ఊరంతా ప్రోగ్రామర్ల కోసం ఎగబడుతుంటే, అతను మాత్రం మూడు నెలలుగా ప్రాజెక్టు లేక బెంచీ మీదున్నాడు. పాసు శుక్రవారంతో సరి.

"వాళ్లు సంతకం పెడితే పాసు రెన్యూ చేయిస్తా. పెట్టకపోతే ఇండియా టికెట్టు కొనుక్కో," అన్నాడు యజమాని సాంబమూర్తి. మనుషుల్ని కంపెనీలకు అద్దెకిచ్చి బతికేవాడు అంతకన్నా తీయగా మాట్లాడడు.

క్లయింటు పేరు కాకి సిస్టమ్స్. అట్టముక్క మీద ఇంగ్లీషులో 'కాకి' అని రాసేసరికి చోటు అయిపోయింది. మిగతాది ఎవడిక్కావాలని వదిలేశాడు. అట్ట ఎత్తగానే నల్లపెట్టెలు మోసుకుంటూ ముగ్గురు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముందున్నామె జుట్టు ఆకుపచ్చ.

"కాకి?"

"కాకి, కాకి!"

ఆ జుట్టు చూసి అనుమానం రాకపోలేదు. కానీ కోట్లకు పడగెత్తినవాళ్లు చెడ్డీలతో మీటింగులకొస్తున్న రోజులవి. టాక్సీ ఎక్కించాడు.

"మా భాషలో కాకంటే నల్లపిట్ట. పిలవకపోయినా వస్తుంది," అన్నాడు మాట కలుపుతూ.

"మేమూ అంతే," అంది మిదోరి అనే ఆ ఆకుపచ్చ జుట్టామె, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆఫీసులో సాంబమూర్తి కుర్చీలు తుడిపించి కాచుకున్నాడు.

"ఎన్నేళ్లుగా ఉన్నారు?"

"పదిహేడు. పదకొండు రిలీజులు."

"వెనకాల పెద్ద కంపెనీ ఎవరు?"

"లేరు. ఇండిపెండెంట్. మూడు పెద్ద కంపెనీలొచ్చాయి. పొమ్మన్నాం."

సాంబమూర్తి కుర్చీ అంచుకి జరిగాడు. "లైవ్‌కి ఎన్నిసార్లు వెళ్లారు?"

"వెయ్యినూట ఇరవై."

"మధ్యలో ఎప్పుడూ ఆగిపోలేదూ?"

"కరెంటు పోయినా ఆగలేదు. అరిచాం."

"టెస్టింగో?"

"జనం మీదే. నచ్చకపోతే సీసాలు విసురుతారు."

"విన్నావుట్రా గంగాధరం! యూజర్ ఫీడ్‌బ్యాకంటే అదీ!" సాంబమూర్తి లేచి నిలబడ్డాడు. "మేడమ్, చిన్న డెమో?"

"డెమో వద్దు. లైవ్," అంది మిదోరి. పెట్టెలు తెరిచారు.

మొదటి దెబ్బకి కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి, రెండో దెబ్బకి గోడ గడియారం రాలింది. ముగ్గురూ గొంతు చించుకుని అరుస్తున్నారు. గంగాధర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్లంతా మాత్రం గగుర్పొడిచింది. తెరిచిన పెట్టెల్లో పోస్టర్లు, జిగురు డబ్బా, క్యాసెట్లు కనబడ్డాయి. వీళ్ల పోస్టర్లు వీళ్లే అంటించుకుంటారు, క్యాసెట్లు వీళ్లే మోసుకుంటారు, ఎవడికీ సలాం కొట్టరు. పదిహేడేళ్లు యజమాని లేకుండా బతికారు! తను యజమాని ఉండి కూడా మూడు నెలలు బతకలేకపోయాడు. దండం పెడదామని చేతులు వాటంతటవే లేచాయి. సగంలో బుర్ర వెలిగింది.

"సార్, వీళ్లది సాఫ్ట్‌వేర్ కాదు. పాటలు!"

"మరి నా క్లయింట్లేరిరా?"

అప్పుడే మిదోరి, హౌగాంగ్‌లో తమ షో జరిగే హాలుకి ఎప్పుడు తీసుకెళ్తారని అడిగి, షో పెట్టినావిడ నంబరు ఇచ్చింది. గంగాధర్ నొక్కాడు. అవతల సింగపూర్ యాసలో ఓ గొంతు పలికింది.

"హలో, పునీతా స్పీకింగ్! మా కాకి బ్యాండు మీ దగ్గరుందా? నేను ఎయిర్‌పోర్టుకి లేట్‌గా పోయాను లా. 'కాకి?' అంటే త్రీ అంకుల్స్ అవునన్నట్టు తలూపి 'హై, కాకి' అన్నారు. బ్యాండు ఫోటో నేనెప్పుడూ చూళ్లేదు, సూట్లు చూసి న్యూ స్టైల్ అనుకున్నా. ఇప్పుడు పెద్దంకుల్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు, దిగమంటే దిగట్లేదు!"

రెండు టాక్సీల్లో పరుగెత్తారు. హాల్లో ముసలి క్లయింటు టై తలకి కట్టుకుని, చెమటలు కక్కుతూ బాదుతున్నాడు. రెండొందల మంది కుర్రకారు ఎగురుతోంది. మిదోరి వేదికెక్కి గిటారు అందుకుంది. ఆయన్ని లేవమనలేదు. పాట అయ్యాకే ఆయన దిగాడు.

"ఈ ఏర్పాటు ఎవరిది?" అన్నాడు రొప్పుతూ.

"వీడిదే! అంతా వీడే చేశాడు, నాకేం సంబంధం లేదు!" సాంబమూర్తి గంగాధర్‌ని ముందుకి తోసేశాడు.

ముసలాయన గంగాధర్ ముందు నడుము విరిగేంత వంగి నమస్కరించాడు. "నలభై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఏదీ గట్టిగా కొట్టనివ్వలేదు. కాగితాలు తెండి. ప్రాజెక్టు ఈయనే నడపాలి."

గంగాధర్ పాసు రెండేళ్లు పొడిగించారు గానీ, ఒప్పందం మీద ముసలాయన చెమట చేత్తో అలికేసిన సంతకం చూసి లాయరు వేలిముద్ర అనుకున్నాడు.