వీధి అంచున ఓరిన్ సూటు

కరోనా వచ్చిన ఆ ఏప్రిల్‌లో, అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్‌ ఊళ్ళో చర్చి మూసేశారు, బౌలింగ్ ఆడే హాలు మూసేశారు, జనం వంటింటికీ సోఫాకీ మధ్య బతుకుతున్నారు. మార్లిస్‌కి ఒంట్లో చక్కెర పెరిగింది. "నెలలో దిగకపోతే సూదిమందు తప్పదు" అని డాక్టరమ్మ ఫోన్లో చెప్పేసింది. సూదంటే మార్లిస్‌కి చచ్చేంత భయం. అందుకని ఇక రోజూ వీధి చుట్టూ నడవాలని నిశ్చయించుకుని, ఆ ఉదయం కోటు కోసం అలమరా తెరిచి, పనిలోపనిగా సర్దేసింది.

అలమరాలో సగం ఆమె భర్త ఓరిన్ బట్టలే. మార్చి నుంచి ఆయన పైజామా మార్చింది లేదు, గడ్డం గీసింది లేదు, గడప దాటింది లేదు.

"ఈ సూటు ఇంకెప్పుడు తొడుగుతావయ్యా?"

"చర్చే లేదు, సూటెందుకు? ఇచ్చెయ్" అన్నాడు ఓరిన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సూటూ బూట్లూ టోపీలూ అట్టపెట్టెలో పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోవచ్చని రాసి, వీధి అంచున దించింది. నల్లకోటు తొడుక్కుని నడకకి బయల్దేరింది. సరస్సు మీంచి వీచే చలిగాలికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఎదురింటి ఆర్డిస్ కిటికీలోంచి ఇదంతా చూసింది. "ఓరిన్ పోయాడయ్యా" అంది మొగుడు వెర్నన్‌తో. "బూట్లు కూడా బయట పెట్టేసి, నల్లకోటు వేసుకుని ఏడుస్తూ పోతోంది పాపం."

"వెళ్ళి అడగనా?"

"నోర్ముయ్. ఆడకూతుర్ని అడిగి ఏడిపిస్తావా? వండి గుమ్మంలో పెట్టి రావాలి గానీ."

సాయంత్రానికి మార్లిస్ గుమ్మంలో మాంసం, బంగాళాదుంపలు పేర్చి కాల్చిన పళ్ళెం. మర్నాడు రెండు కేకులు. ఎవరూ తలుపు కొట్టరు. ఆరడుగుల అవతల నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోతారు.

"నడుస్తున్నానని మెచ్చుకుంటున్నారు" అంది మార్లిస్ మురిసిపోతూ. "నేనైతే ముట్టను. పారేస్తే పాపం, నువ్వు తిను."

ఓరిన్ కాదనలేదు. ఆ మెప్పుకి మార్లిస్ సాయంత్రం కూడా నడవసాగింది. "తిండి మానేసి పిచ్చిదానిలా తిరుగుతోంది" అని వీధి వీధంతా ఇంకా వండింది.

మూడోవారం ఆదివారం, శవయాత్రలోలా లైట్లు వేసుకుని కార్లు బారులు తీరి వచ్చాయి. పాస్టరు కారులోంచే మైకు పట్టుకున్నాడు. "ఓరిన్ లాంటి కష్టజీవిని మళ్ళీ చూడలేం..."

తలుపు తెరుచుకుంది. పైజామా, గుబురుగా పెరిగిన గడ్డం, చేతిలో కేకుముక్కతో ఓరిన్ వచ్చి నిలబడ్డాడు. పాస్టరు మైకు దించేశాడు.

"ఆపారేం పాస్టరుగారూ? బావుంది, కానివ్వండి" అన్నాడు. అంతలో ముందు కారు మీద చూపు పడింది. "వెర్నన్, అది నా సూటు కాదట్రా?"

"నీ సంతాపానికి మంచి బట్టలుండాలని వేసుకున్నాన్రా" అన్నాడు వెర్నన్ నేలచూపులు చూస్తూ.

ఆర్డిస్‌కి ఒళ్ళు మండింది. "బతికున్నవాడి బూట్లు వీధిలో పెడతారటే, మార్లిస్?"

"నీకు అడగడానికి నోరు లేదుటే?"

నెలాఖరుకి మార్లిస్ చక్కెర దిగింది, భయం లేదంది డాక్టరమ్మ. తోడు వచ్చాడు కదా అని ఓరిన్ రక్తం కూడా తీసి చూసింది.

సూది ఆ ఇంటికి రానే వచ్చింది; పొడిపించుకుంటున్నది మాత్రం ఓరిన్.