ముద్దాయి దిద్దెనా, మార్చెనా?

నిజం చెప్పడానికి మనిషికి శిక్షణ కావాలి. అబద్ధానికి అక్కరలేదు, అది పుట్టుకతో అబ్బే విద్య. ఈ సంగతిని నాగరిక ప్రపంచం ఆలస్యంగానైనా గుర్తించి, విచారణకు ముందు ప్రతి ముద్దాయీ తన న్యాయవాది సమక్షంలో కనీసం నాలుగు పర్యాయాలు నిజం చెప్పడం అభ్యసించవలెనన్న ఆనవాయితీని నెలకొల్పింది. (అయిదో పర్యాయం కూడా అవసరమైన ముద్దాయి సాధారణంగా నిర్దోషి అయి ఉంటాడు.)

ఆ ఆనవాయితీని మన్నించే ప్రూఫు మాస్టారు ఒక మంగళవారం ఉదయం, జిరాక్సు దుకాణం పై అంతస్తులో ఉన్న తన లాయరు ఆఫీసులో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. సర్కారు ముద్రణాలయంలో నలభై ఏళ్లు ప్రూఫులు చూసి పదవీ విరమణ చేసినవారు. ఎదుటివారి మాటలో తప్పు పట్టకుండా ఉండలేరు గనుక వీధివాళ్లంతా కూడబలుక్కుని ఆ బిరుదు ఇచ్చారు. పక్కన ఆయన భార్య, కంటికి ఆపరేషన్ అయిన పదోనాడు, నల్ల కళ్లద్దాలతో.

నేరం సామాన్యమైనది కాదు. నీటి సరఫరా కార్యాలయం గోడ మీద "దరఖాస్తుదారులు వారసులుగా రావలెను" అన్న ప్రకటన వెలిసింది. "వరుసగా" అనవలసిన చోట టైపిస్టు చెయ్యి అలా జారింది. (అక్కడి క్యూ కదిలే వేగం ఎరిగినవారు అది తప్పు కాదు, ముందుచూపు అనుకున్నారు.) సర్కారు మాటను జనం జవదాటలేదు, కొడుకులనూ కూతుళ్లనూ వెంటబెట్టుకుని వచ్చారు. వారం తిరగకుండానే కార్యాలయం వారసుల కోసం ప్రత్యేకంగా ఒక కిటికీ తెరిచి, ఒక ఫారం అచ్చు వేయించి, "వారసుల హాజరు పర్యవేక్షకుడు" అనే అధికారిని నియమించింది. సంతానం లేనివారు ఆ మేరకు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. (ధ్రువపత్రం ఇచ్చే కిటికీకి కూడా వారసులుగానే రావలెను.)

పన్నెండో రోజున మాస్టారు మీటరు మార్పిడి పని మీద అక్కడికి వెళ్లి, ప్రకటన చదివి, జేబులోని ఎర్ర కలం తీసి, ఆ మాట కొట్టివేసి పైన "వరుసగా" అని వ్రాశారు. మధ్యాహ్నానికి పర్యవేక్షకుడికి పని లేకుండా పోయింది. సాయంత్రానికి ఫిర్యాదు నమోదైంది: ప్రభుత్వ ప్రకటనను మార్చుట లేదా చెరుపుట. గరిష్ఠ శిక్ష రెండేళ్లు.

లాయరమ్మకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. చురుకైన బుద్ధి, అపారమైన ఓపిక. ఆ రెండోది ఈ కేసు చేపట్టిన నాటినుంచి క్షీణిస్తోంది. మొదటి రోజున "మీ దగ్గర ప్రూఫులేమైనా ఉన్నాయా?" అని ఆమె సాక్ష్యాల గురించి అడిగితే, మర్నాడు మాస్టారు ఒక గోనెసంచి నిండా తెచ్చారు. అన్నీ పాత గెజిట్లవి.

"మాస్టారూ, కోర్టులో మీకు మూడే మాటలు," అంది లాయరమ్మ. "అవును. కాదు. గుర్తులేదు. నాలుగోది మీ నోట రాకూడదు."

"గుర్తు లేదు అన్నది రెండు మాటలమ్మా. ఈమధ్య కలిపి రాస్తున్నారు గానీ..."

"ఇదిగో, ఇదే వద్దంటున్నది!"

"గట్టిగా చెప్పమ్మా," అన్నారు భార్య. "నా వల్ల కాలేదు. పెళ్లయిన కొత్తలో పుట్టింటినుంచి ఈయనకి ఉత్తరం రాశాను. తిరుగు టపాలో నా ఉత్తరమే నాకొచ్చింది. పదకొండు తప్పులకి ఎర్ర సున్నాలు చుట్టి, కింద 'ప్రేమతో' అని సంతకం."

"పన్నెండు," అన్నారు మాస్టారు.

లాయరమ్మ ఈ విషయాన్ని విననట్లుగా నమోదు చేసుకుని, ప్రాసిక్యూటరు గొంతు తెచ్చిపెట్టుకుంది. "ఆ రోజు నీటి ఆఫీసుకి వెళ్లారా?"

"అవును."

"జేబులో ఎర్ర కలం ఉందా?"

"అవును."

"గోడమీద ప్రకటన చూశారా?"

"చూశాను."

"'అవును' అనాలి మాస్టారూ!"

"'చూశారా' అంటే 'చూశాను' అనడమే పద్ధతి. 'అవును' అంటే అర్థం పొసగదు."

ఇలా మూడు పర్యాయాలు గడిచాయి. నాలుగో పర్యాయంలో లాయరమ్మ చార్జిషీటు మూడో పేజీ తెరిచి, వేలు పెట్టి చూపించింది. ముఖం వెలిగిపోతోంది.

"చదవండి. 'ముద్దాయి సదరు పదమును ఎర్ర సిరాతో దిద్దెను.' దిద్దెను అన్నారు! మార్చెను అనలేదు, చెరిపెను అనలేదు. దిద్దడం నేరమని ఏ సెక్షన్‌లోనూ లేదు. పైగా దిద్దారంటే, ముందు అక్కడ తప్పుందని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఈ ఒక్క మాట మీద మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తా."

మాస్టారు ఆ మాటను దగ్గరగా చూశారు, దూరం పెట్టి చూశారు. అన్నంలో రాయి తగిలినవాడిలా ముఖం పెట్టారు.

"అమ్మా, దిద్దడమంటే ఉన్న అక్షరం మీదనే మళ్లీ రాయడం. పిల్లలు పలక మీద చేసేది. ప్రెస్సులో అయితే నేను గుర్తు పెట్టేవాణ్ణి, దిద్దేది అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు. నలభై ఏళ్లలో నేను ఒక్క అక్షరం దిద్దిన పాపాన పోలేదు. ఇక్కడ నేను చేసింది..."

"మీరు చేసింది ఏంటో జడ్జిగారికి చెప్పొద్దు. నాకు కూడా చెప్పొద్దు!"

భార్య ఆయన మోచేయి పట్టుకున్నారు. "వినండి. నా కంట్లో రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసేది మీరు. నా చెయ్యి వణుకుతుంది, నేను వేసుకుంటే చెంప మీద పడతాయి. మీరు లోపలికెళ్తే నా గతేంటి? ఒక్కసారి, నాకోసం, తప్పుని తప్పులాగే వదిలెయ్యండి."

మాస్టారు తల ఊపారు. ఆవిడ మాటల్లో ఆయన ఒక్క దోషమూ ఎత్తి చూపలేదు. (వారి దాంపత్యంలో ఇంతకు మించిన లాలన నమోదు కాలేదు.)

మొదటి వాయిదాకు ప్రకటన కాగితం రాలేదు. రెండో వాయిదాకు కాగితం వచ్చింది గాని, అది రాలేదని మొదటి వాయిదాలో వ్రాసి ఉన్నందున స్వీకరించడం కుదరలేదు. మూడో వాయిదాకు అందరూ వచ్చారు, అన్నీ వచ్చాయి. "నేరం ఒప్పుకుంటారా?" అంటే మాస్టారు "ఒప్పుకోను" అన్నారు, స్పష్టంగా, ఏ వివరణా లేకుండా. లాయరమ్మ పొంగిపోయి లేచి, "దిద్దెను" అన్న క్రియాపదం మీద ఇరవై నిమిషాలు మాట్లాడింది. ప్రాసిక్యూటరు తల దించుకుని తన చార్జిషీటును తనే మొదటిసారి చదువుకున్నారు. జడ్జిగారు తల పంకించారు.

"పెద్దాయనా, మీ లాయరు చెప్పింది విన్నారుగా. మీరు చేసింది దిద్దడమేనా?"

కావలసినది మూడక్షరాల మాట. నాలుగు పర్యాయాలు అభ్యసించిన మాట. లాయరమ్మ దానిని పెదవులతో నిశ్శబ్దంగా పలికి చూపించింది కూడా. మాస్టారు చూపు చార్జిషీటు మీద పడింది. ఆ తప్పు అక్కడ, సర్కారు కాగితం మీద, శాశ్వతంగా ఉండిపోబోతోంది. దానికి సాక్షి తాను.

"కాదండి," అన్నారు. "ఆ పదం అక్కడ పొసగదు. ఉన్న మాట కొట్టివేసి వేరే మాట రాస్తే దాన్ని దిద్దడం అనరు. 'మార్చెను' అని ఉండాలి."

ప్రాసిక్యూటరు ఆ రోజుకు తొలిసారి లేచి నిలబడ్డారు. "ఆ సవరణకి మాకు ఏ అభ్యంతరమూ లేదండి. ముద్దాయిగారికి కృతజ్ఞతలు."

"నా ఖర్మ," అన్నారు వెనుక బెంచీలోంచి భార్య.

"కర్మ," అన్నారు మాస్టారు, వెనక్కి తిరగకుండానే.

ఆరు నెలల శిక్ష పడింది. ముద్దాయి వయసును, భాషాజ్ఞానాన్ని దృష్టిలో ఉంచుకుని కనికరించినట్లు జడ్జిగారు ప్రకటించారు. అంతటితో ఆగక, "మీలాంటివాళ్లు ఇప్పుడు ఎక్కడండీ? మా టైపిస్టు కొత్త. సంతకం పెట్టేముందు ఈ తీర్పు ఒక్కసారి చూసిపెడతారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. నలభై ఏళ్ల సర్వీసులో ఏ అధికారీ మాస్టారిని అలా అడిగి ఎరగడు. ఆయన కళ్లు చెమర్చాయి. జప్తు చేసిన ఎర్ర కలాన్ని రశీదు వ్రాయించుకుని అరగంట పాటు ఇప్పించారు. ఒక కానిస్టేబులు కుర్చీ వేశాడు, ఇంకొకడు ఫ్యాను తిప్పాడు.

తీర్పు తొమ్మిది పేజీలు. రెండో పేజీలో సెక్షను అంకె తారుమారైంది. అయిదో పేజీలో ముద్దాయికి బదులు ఫిర్యాదుదారుడే దోషిగా తేలాడు. ఏడో పేజీలో శిక్ష ఆరు నెలలని, తొమ్మిదో పేజీలో మూడు నెలలని ఉంది. మాస్టారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. మూడును కొట్టివేసి ఆరు చేశారు. టైపిస్టు కొత్త ప్రతి తీసింది, జడ్జిగారు సంతకం చేశారు.

వరండాలో లాయరమ్మ తీర్పు ప్రతితో పరుగున వచ్చి ఆయన్ని అందుకుంది. ఆ తీర్పును ఆయనే సవరించిన విషయం ఆమెకు తెలియదు. భార్యను కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి వస్తోంది.

"మాస్టారూ, ధైర్యంగా ఉండండి, అప్పీలుకి వెళ్దాం. ఇక్కడి టైపు సంగతి నాకు తెలుసు. పోయిన నెల ఒకాయనకి శిక్ష రెండు పేజీల్లో రెండు రకాలుగా పడింది. పై కోర్టు మొత్తం తీర్పే కొట్టేసింది, ఆయన ఇంట్లో ఉన్నాడిప్పుడు. తీర్పులో తప్పు కనిపిస్తే చాలు. మీ కన్ను పడితే కనిపించకుండా పోదు కదా. ఒక్కటి చూపించండి!"

మాస్టారు సంతకమైన ప్రతిని ఆమె చేతినుంచి అందుకుని, మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా ఓపికగా చదివి, మడత నలగకుండా తిరిగి ఇచ్చారు.

"పదిహేడుండేవమ్మా," అన్నారు. "ఇప్పుడు ఒక్కటీ లేదు. పూచీ నాది."